పాము కెమెరా

నవంబరు 9, ఆదివారం

అక్కయ్యకి,

నీ చిన్నోడు చేసే నమస్కారాలు. ఇక్కడ అందరం బాగున్నాం. బావ కుశలం. ఆ మాట మొదట్లోనే రాయమన్నాడు, రాసేశాను. నీ కాలి వాపు తగ్గిందని, మెట్లెక్కి డాబా మీద బట్టలు కూడా ఆరేస్తున్నావని మేనకోడలు చెప్పింది. చాలా సంతోషం. వానల్లో వెళ్లినదానివి, ఇక్కడ చలి మొదలైంది. నీ మరదలు నీ దుప్పట్లన్నీ ఎండలో వేసి మళ్లీ బీరువాలో సర్దింది. ఎవరికోసమని నేనడగలేదు, తను చెప్పలేదు.

ఫోను చేస్తే నువ్వు తీయవు. "ఆ ఇద్దరికీ నాతో ఏదైనా చెప్పాలనుంటే చేత్తో రాసి పంపమను, తెర మీద కనబడేదేదీ నాకొద్దు" అన్నావట. అలా అనడం న్యాయమే. కొండ మెట్ల మీద నువ్వు జారి పడితే, బావ తీస్తున్న వీడియోలో మొట్టమొదట వినబడిన మాట "అయ్యో, ఫ్రేము పోయింది" అని. ఇంటికొచ్చాక పెద్ద టీవీలో వేసుకుని చూసి అందరూ పొట్ట పట్టుకుని నవ్వారు. నువ్వు మాత్రం నవ్వలేదు. తెల్లారి బ్యాగు సర్దుకుని కూతురింటికి వెళ్లిపోయావు. ఆ సంగతిలో బావ తరఫున వకాల్తా పుచ్చుకోవడానికి ఈ ఉత్తరం రాయడం లేదు. బుధవారం ఇక్కడొకటి జరిగింది. అది నీకు చెప్పకుండా ఉండలేక రాస్తున్నాను.

నువ్వు నన్నూ బావనీ జంట గారడీవాళ్లనేదానివి కదా, నీ మాట నిజం చేస్తూ నేను మళ్లీ ఒక వస్తువు తెప్పించాను. తిట్టుకోకుండా చదువు. చిటికెనవేలంత లావు తీగ, పాములా ఎటు కావాలంటే అటు వంగుతుంది. తలలో ఆవగింజంత కెమెరా, దాని చుట్టూ బుల్లి లైట్లు. రెండో కొస ఫోనుకి తగిలిస్తే తీగ తల ఎక్కడికెళితే అక్కడిదంతా ఫోను తెర మీద కనబడుతుంది. పైపుల్లో, గోడ సందుల్లో చూడటానికి చేసింది. నాకు చూడాల్సిన పైపులేమీ లేవు. అయినా కావాలనిపించింది. కొత్త పెట్టె మూత తీసేటప్పుడు వచ్చే వాసన, అద్దం మీది పలచటి కాగితం ఒలిచేటప్పుడు చేసే చప్పుడు, మొదటిసారి లైటు వెలిగేటప్పుడు గుండె ఒక్క క్షణం ఆగడం, ఇవి నీకు చెప్పినా అర్థం కావు. బావకైతే చెప్పక్కర్లేదు.

పార్సిలు బుధవారం పొద్దున షాపుకే వచ్చింది. మందుల కోసం వచ్చినవాళ్లను నిలబెట్టి మరీ పెట్టె విప్పాను. సింకు గొట్టంలోకి, బీరువా వెనక్కి, దగ్గు మందు సీసాలోకి, అన్నిట్లోకీ తొంగిచూశాను. భోజనానికి ఇంటికెళ్లి నా చెవిలోకి కూడా పోనివ్వబోతే నీ మరదలు లాగేసుకుంది. "ఎదురుగా ఉన్న మనుషుల్ని చూడ్డం రాదు గానీ సందులు చూస్తారట సందులు" అంది. నీ దగ్గర నేర్చుకున్న మాటలే ఇవన్నీ.

భోజనం సగంలో లేచి, దాన్ని పెట్టెతో సహా సంచిలో వేసుకుని స్కూటరు తీశాను. బావకి చూపించనిదే కొత్త వస్తువు నాకు కొత్తదనిపించదు. ఆయన పనిచేసే టైల్సు గోడౌను నీకు తెలుసు కదా, ఊరి చివర రైలు గేటు దాటాక. కప్పుదాకా ఇనుప రాకులు, రాకుల నిండా టైల్సు పెట్టెలు. గేటులో స్కూటరు స్టాండు వేస్తుండగా లోపల్నుంచి ఒక చప్పుడు వచ్చింది. ఒక్క చప్పుడు కాదది, ఒకదాని తర్వాత ఒకటి, ఆగి, మళ్లీ. కాళ్ల కింద నేల వణికింది. తర్వాత పెద్ద తలుపుల్లోంచి తెల్లటి దుమ్ము మేఘంలా బయటికొచ్చింది. దాని వెనకాలే మనుషులు, పిండిమిల్లులోంచి వచ్చినట్టు తెల్లగా, దగ్గుతూ.

బరువులెత్తే బండి నడిపే అతను నేల మీద కూలబడి "కొంచెమే తగిలింది సార్, ఒట్టు, కొంచెమే తగిలింది" అని అందర్నీ పట్టుకుని చెబుతున్నాడు. రాకు కాలికి బండి తగిలింది. ఆ రాకు పక్కదాని మీద, అది దాని పక్కదాని మీద, పేకముక్కల్లా వరసంతా ఒరిగిపోయింది. మేనేజరు అందర్నీ పిలిచి చూసుకుంటున్నాడు. ఒక మనిషి కనబడలేదు.

ఆ మనిషి ఎవరన్నది రాయను. తన సంగతి ఎవరికీ, ముఖ్యంగా తన ఇంట్లోవాళ్లకి, తెలియనివ్వొద్దని తర్వాత నా చేత ఒట్టేయించుకున్నాడు. వయసులో పెద్దవాడు, అక్కడ అందరికీ కావలసినవాడు. బావకి దగ్గరివాడు, నాకూ తెలిసినవాడు. అంతే అనుకో.

ఫైరింజను త్వరగానే వచ్చింది. వాళ్ల ఆఫీసరు సన్నగా, తక్కువ మాట్లాడే మనిషి. ముందు అందర్నీ నోరు మూసుకోమన్నాడు. మోటార్లు ఆపించాడు. అందరం ఊపిరి బిగబట్టి విన్నాం. లోపల్నుంచి ఏ మూలుగూ లేదు. పగిలిన టైలు ముక్క ఎక్కడో జారి పడిన చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. ఒరిగిన రాకులు ఒకదాన్నొకటి మోస్తూ నిలబడ్డాయి. ఏది కదిపితే ఏది కూలుతుందో ఎవరికీ తెలియదు. మనుషుల్ని వెతికే కెమెరా వాళ్ల పెద్ద స్టేషన్లో ఉందట, బయల్దేరిందట, దారిలో వాహనాల మధ్య ఇరుక్కుందట.

అప్పుడు నా చేతిలో సంచి ఉన్న సంగతి గుర్తొచ్చింది.

ఆఫీసరు దగ్గరికెళ్లి పెట్టె చూపించాను. ఆయన పెట్టె మీది బొమ్మ చూసి, నా మొహం చూసి, "వాడటం వచ్చా?" అన్నాడు. పొద్దుట్నుంచీ దీంతోనే ఆడుతున్నానని చెప్పాను. ఆడుతున్నాననే మాట అక్కడ ఎంత సిగ్గుగా వినబడిందో చెప్పలేను. ఆయన నవ్వలేదు. బక్కపల్చటి ఫైరు మనిషినొకడిని పిలిచి తీగ తల అతని చేతికిచ్చాడు. అతను రాకుల కింద పొట్ట మీద పాకుతూ పోవడం, నేను బయట కూర్చుని తెర చూస్తూ ఎటు తిప్పాలో చెప్పడం.

అక్కా, పొద్దున సింకు గొట్టంలో చూసినప్పుడు ఎంత ముచ్చటేసిందో. అదే తెర. ఇప్పుడు అందులో చిరిగిన అట్టలు, ముక్కలు, దుమ్ము. ఫోను ఏమాత్రం కదిలినా ఏం చూస్తున్నానో తెలియదు. మోకాళ్ల మధ్య ఇరికించి పట్టుకున్నాను. ఒకచోట చెప్పు కనబడింది. ఉత్త చెప్పు, అందులో కాలు లేదు. నా పక్కన నిలబడ్డవాళ్లలో ఎవరో ఏడుపు మొదలుపెట్టారు. ఆఫీసరు వాళ్లని దూరంగా పంపించేశాడు. "ఎడమకి, ఇంకొంచెం, కిందికి" అంటున్నాను.

ఈలోగా గోడౌను వెనక వేరే పని మొదలైంది. ముందు నుంచి వెళ్లడం కుదరదు కాబట్టి వెనక గోడ పగలగొట్టి లోపలికి వెళ్దామనుకున్నారు. పక్క స్థలంలో పునాదులు తవ్వే యంత్రం ఉంటే దాన్ని తెప్పించారు. వాళ్ల ఆలోచనలో తప్పు లేదు. మనిషి ముందు వరసలోనే ఎక్కడో ఉంటాడని అందరూ అనుకున్నారు, ఆ వేళప్పుడు అక్కడే ఉండేవాడట.

తెర మీద గోడ కనబడింది. గోడకానుకుని స్విచ్చిబోర్డు. బోర్డు కింద దుమ్ములో ఏదో గుండ్రంగా. రాయనుకున్నాను. లైటు కొంచెం జరగగానే ఆ రాయికి చెవి కనబడింది. ఇంకొంచెం జరిగితే మూసిన కన్ను. రెప్పల మీద తెల్లటి దుమ్ము, మంచు పడ్డట్టు.

ఎంతసేపు చూశానో తెలియదు. రెప్ప కదిలింది.

"ఉన్నాడు! బతికున్నాడు!" అని అరిచాను. అందరూ నా మీదికి తోసుకొచ్చారు. బండి నడిపిన అతను కూడా వచ్చి తెరలోకి తొంగిచూసి, "అది మా బండి చార్జింగు బోర్డు కదా, గోడ అవతల దాని వెనకే మీటరు పెట్టె" అన్నాడు. అని నా వైపు చూశాడు. సరిగ్గా అప్పుడే తెర మీద ఆ మనిషి చెంప మీదికి గోడ సున్నం పెచ్చులు పెచ్చులుగా రాలింది. యంత్రం అవతల గోడని తాకింది. పగలగొట్టడానికి వాళ్లు ఎంచుకున్న చోటు మీటరు పెట్టె పక్కనే.

నేను పరిగెత్తలేదు, పరిగెత్తితే తీగ ఊడిపోతుంది. కూర్చున్నచోటి నుంచే "ఆపండి" అని అరిచాను. యంత్రం రొదలో నా అరుపు ఎవరికి వినబడుతుంది? ఆఫీసరు తన విజిలు ఊదుతూ పరిగెత్తాడు. బండి అతను ఆయన్ని దాటేసి పరిగెత్తాడు. నాకు ఇక్కడ తెర ఒక్కటే కనబడుతోంది. మళ్లీ పెచ్చులు రాలాయి. ఒక ఇటుక తన వరసలోంచి లోపలికి పొడుచుకొచ్చింది, ఆ మనిషి నుదుటికి అరచెయ్యంత దూరంలో. ఇంకోసారి తాకితే అయిపోతుంది. నేను ఆ ఇటుకనే చూస్తూ కూర్చున్నాను. కళ్లు మూసుకుందామంటే మూతలు పడలేదు.

తర్వాత రొద ఆగింది. ఆ ఇటుక అక్కడే నిలబడింది.

బండి అతను యంత్రానికి అడ్డంగా పోయి గోడకి వీపు ఆనించి నిలబడ్డాడట. దాన్ని నడిపేవాడికి అప్పటికి గానీ అర్థం కాలేదట.

ఇక యంత్రం వద్దు, చేత్తోనే, సుత్తీ ఉలితో, బోర్డుకి ఆ చివర నుంచి ఒక్కొక్క ఇటుకా తీయాలన్నాడు ఆఫీసరు. సమయం పడుతుంది. అందాకా లోపలి మనిషి స్పృహలో ఉండాలి, నిద్రపోనివ్వకూడదు, ఎవరైనా మాట్లాడించాలి అన్నాడు. కెమెరాతో చూడొచ్చు గానీ మాట్లాడలేం. నా చెవిలో పెట్టుకునే ఇయర్‌బడ్డు ఒకటి తీసి, టేపుతో తీగ తలకి అంటించి పంపాం. అది నా రెండో ఫోనుతో జతపడి ఉంది, మేనేజరు ఫోను నుంచి దానికి కాల్ కలిపాం. ఆ మనిషికి ఒక చెయ్యి ఆడుతోంది. టేపు పీకి దాన్ని చెవిలో పెట్టుకోవడానికి ఎంత అవస్థ పడ్డాడో తెర మీద చూస్తుంటే నా వేళ్లు నొప్పెట్టాయి.

మొదట నీళ్లు అడిగాడు. ఇప్పుడివ్వలేమని చెప్పాను. కాళ్లు తెలియడం లేదన్నాడు. వస్తున్నారన్నాను. తర్వాత "మా ఆవిడ వచ్చిందా?" అన్నాడు.

అక్కా, ఆవిడ ఈ ఊళ్లో లేదు. ఏదో మాట పట్టింపుతో వేరేచోట ఉంటోంది. ఆ సంగతి అతనికీ తెలుసు, నాకూ తెలుసు. కానీ నొప్పికో, దుమ్ముకో, ఏ రోజు ఏమిటో కూడా తెలియని స్థితిలో ఉన్నాడు. కళ్లు వాలిపోతున్నాయి. ఆఫీసరు నా భుజం మీద చెయ్యి వేసి నొక్కాడు, ఏదో ఒకటి చెప్పమన్నట్టు. "బయల్దేరింది, దారిలో ఉంది" అన్నాను. అతని కళ్లు తెరుచుకున్నాయి. "ఎవరు చెప్పారు? కంగారు పడిందా?" అన్నాడు. "కొంచెం" అన్నాను. "ఇంత దుమ్ములోకి రానివ్వకండి, ఆవిడకి ఆయాసం" అన్నాడు. సరేనన్నాను. ఇక వరసగా ప్రశ్నలు. ఏ బస్సుకి బయల్దేరింది, తోడెవరొస్తున్నారు, తిన్నదా లేదా. ప్రతిదానికీ ఒక అబద్ధం అల్లాను. ఎక్కడెక్కడ ఆగిందో, పక్క సీట్లో ఎవరున్నారో కూడా చెప్పాను. అతను నిద్రపోలేదు.

మధ్యలో పైనెక్కడో ఇనుము కిర్రుమంది. పెట్టెలు జారిన చప్పుడు. తెర మొత్తం నల్లగా అయిపోయింది. పిలిచాను, పలకలేదు. మళ్లీ పిలిచాను. చుట్టూ ఉన్నవాళ్లంతా నన్నే చూస్తున్నారు. అప్పుడు ఆ నలుపులో ఏదో అడ్డంగా కదిలింది. బొటనవేలు. కెమెరా అద్దం మీద పడ్డ దుమ్ముని బొటనవేలితో తుడుస్తున్నాడు. ఒకసారి, మళ్లీ ఒకసారి, శ్రద్ధగా. వేలు పక్కకి జరిగింది, కన్ను కనబడింది. "ఇప్పుడు కనబడుతున్నానా?" అన్నాడు. కనబడుతున్నావని రెండుసార్లు చెప్పాను.

పొద్దు వాలేలోపు బయటికి తీశారు. కాలు విరిగింది, పక్కటెముకలు చిట్లాయి, ఊపిరితిత్తుల్లో దుమ్ము చేరింది. ప్రాణానికి ఫరవాలేదన్నారు డాక్టర్లు. స్ట్రెచర్ మీద తీసుకెళ్తుంటే గేటు దగ్గర జనమంతా ఫోన్లు ఎత్తి పట్టుకుని తీస్తున్నారు. అతను తలెత్తి ఆ ఫోన్ల వెనక ఒక్కొక్క మొహమే చూసుకుంటూ వెళ్లాడు. ఎవరి కోసం చూస్తున్నాడో నాకొక్కడికే తెలుసు. నేను అంబులెన్సు ఎక్కలేక అక్కడే ఆగిపోయాను.

పాము కెమెరాని ఇంటికి తెచ్చి తుడిచాను. తల దగ్గర గీతలు పడ్డాయి. ఇక ఈ బొమ్మలు చాలనుకున్నారా, అని నీ మరదలు అడుగుతుందనుకున్నాను. అడగలేదు. తనే దాన్ని పెట్టెలో చుట్టి పెట్టింది. నా పిచ్చి కుదిరిందని మాత్రం అనుకోకు. నిన్న సాయంత్రమే కొత్త లెన్సు ఒకటి ఎక్కడ దొరుకుతుందా అని వెతికాను. కానీ ఇప్పుడు ఏ తెరలోకి చూసినా ఆ ఇటుక ముందు కనబడుతుంది, తర్వాతే మిగతాది.

మా ఆటవస్తువు ఒకరికి అక్కరకొచ్చిందని గొప్ప చెప్పుకోవడానికి రాయలేదు. ఆ భయం ఎవరితోనైనా చెప్పుకోవాలి. చిన్నప్పటినుంచీ నాకు భయమేస్తే నీ దగ్గరికే వచ్చేవాణ్ని.

మేనకోడలికి, అల్లుడికి నా ఆశీస్సులు. చల్లగాలికి తిరగకు. మందులు మానకు.

నీ కోపం తగ్గకపోయినా నీ తమ్ముడే,
చిన్నోడు

తా.క. సోమవారం, పోస్టాఫీసులో బల్ల దగ్గర నిలబడి రాస్తున్నాను, అక్షరాలు వంకరపోతే సర్దుకో.

పైన రాసిందంతా నిన్న బావ మంచం పక్కన కూర్చుని రాశాను. ఆయన మొదటినుంచీ చదివి, రెండుచోట్ల కొట్టించి, "ఇప్పుడు బాగుంది, అంటించెయ్" అన్నాడు. ఆయన ముందు అంటించాను. ఇక్కడికొచ్చి కవరు చింపాను.

లోపల ఉన్నది బావ. ఉత్తరంలో "మా ఆవిడ" అని నేను రాసినచోట ఆయన అన్నది "మీ అక్క" అని. ఆయన మొదట అడిగింది నీళ్లు కూడా కాదు. ఇయర్‌బడ్డు చెవిలో పెట్టుకుని, కెమెరా వంక చూసి, "కొత్తదా? నేను లేకుండానే పెట్టె విప్పావా?" అన్నాడు. నేను నవ్వబోయి ఏడ్చేశాను. ఆ తర్వాతే నీ గురించి అడిగాడు, మళ్లీ వేరే మాట లేదు.

నీకు చెప్పొద్దంటున్నాడు. "దెబ్బ తగిలిందని వస్తే అది జాలి. నా మీద కోపం పోతే తనే వస్తుంది, అందాకా ఆగుతాను" అంటున్నాడు. సరేనని ఒట్టేశాను. మేనకోడలిక్కూడా చెప్పలేదు. ఎల్లుండి కాలికి ఆపరేషను. పైకి ధైర్యంగానే ఉన్నాడు. కానీ వార్డు తలుపు చప్పుడైనప్పుడల్లా అటు చూస్తాడు, నర్సని తెలిశాక దుప్పటి సర్దుకుంటాడు.

రమ్మని నేను రాయను. రైలు గేటు దాటాక ఉన్న పెద్దాసుపత్రి, మొదటి అంతస్తు, మెట్లెక్కగానే ఎడమ చేతి వార్డు, కిటికీ పక్క మంచం. సాయంత్రాలు చూడనిస్తారు.